అడిగే ముఖం

మా నాన్న నన్ను బస్సెక్కించే పద్ధతి ఒకటుండేది. సంచీ అమ్మ చేతికిచ్చి, తువ్వాలు తలకు చుట్టుకుని, బస్సు ఆగీ ఆగకముందే నన్ను ఎడమ చంకనేసుకునేవాడు. కుడిచేత్తో తలుపు పక్క కమ్మీ పట్టుకుని ఒక్క ఊపులో పైకి. ఎక్కగానే ఎవరో ఒకరు "పాపకి కాళ్ళు రావా?" అని అడిగేవారు. "పోలియో అండీ" అనేవాడు నాన్న. ఆ మాటకు ఎవరో జరిగి చోటిచ్చేవారు. కాళ్ళకు కట్టే కాలిపర్లు సరిచేయించుకోవడానికి తెనాలి నుంచి గుంటూరుకు నా ఆరో ఏటి నుంచీ మా ప్రయాణాలు ఇలాగే సాగాయి. కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూసేదాన్ని. భయమూ లేదు, సిగ్గూ లేదు. బస్సంటే నాకు నాన్న భుజం.

పదమూడో ఏడు వచ్చేసరికి నాన్నకు నడుం పట్టేసింది. ఆ వేసవిలో ఒకరోజు కండక్టరూ, బస్టాండులో సోడాలమ్మే ఆయనా కలిసి నన్ను ఎత్తారు. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ మాట ఈ రోజుకీ అంటాను. కానీ ఓణీ వేసుకునే వయసు పిల్లని ఎక్కడ పట్టుకుని ఎత్తాలో వాళ్ళకి తెలియలేదు, ఎక్కడ పట్టుకోవద్దో చెప్పడం నాకు చేతకాలేదు. ఓణీ జారిపోయింది. నేను నవ్వాను. ఎందుకు నవ్వానా అని తర్వాత చాలా ఏళ్ళు ఆలోచించాను. ఎత్తుతున్న మనిషికి ఇబ్బందిగా ఉండకూడదని నవ్వాను. రేపు మళ్ళీ ఎత్తమని అడగాలి కనుక నవ్వాను.

ఆ నవ్వు నలభై ఏళ్ళు నన్ను వదల్లేదు. దాన్ని మనసులో 'అడిగే ముఖం' అనుకుంటాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పిన ఇరవై ఎనిమిదేళ్ళలో తరగతి గదిలో ఆ ముఖం నాకు ఎప్పుడూ అవసరం కాలేదు. అక్కడ నా గొంతే చాలు. బడి గేటు దాటి రోడ్డు మీదికి వస్తే మాత్రం, దూరంగా బస్సు కనబడగానే, అదే వచ్చి ముఖం మీద కూర్చునేది. ఒకసారి మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి బస్టాపులో నన్ను చూసి, మర్నాడు, "టీచర్, మీరు నిన్న వేరేలా ఉన్నారు" అంది. ఆ పిల్లకి జవాబు చెప్పలేదు.

ఇన్నేళ్ళలో నేను ఏ బస్సులోనూ ఎవరి మీదా కోప్పడలేదు. చూసి కూడా ఆపకుండా వెళ్ళిపోయిన బస్సు మీద గానీ, "ఈ టైములో ఎందుకమ్మా మీకు ప్రయాణాలు" అన్న పెద్దమనిషి మీద గానీ. అందరూ అది నా ఓర్పు అన్నారు. ఓర్పు కాదు. కాసేపట్లో దిగాలి, దిగడానికి ఎవరో పట్టుకోవాలి. ఎవరి చేతులు కావాలో వాళ్ళ మీద కోప్పడలేం.

మన బస్సు నేల అంత ఎత్తున ఎందుకుంటుందో చాలాకాలం నాకు తెలియదు, అది బస్సు స్వభావం అనుకునేదాన్ని. లారీకి చేసిన ఛాసిస్ మీదే బస్సు బాడీ కట్టడం మన దేశంలో ఏళ్ళ తరబడి వచ్చిన పద్ధతి. సరుకు మోయడానికి కుదిర్చిన ఇరుసుల మీద, చట్రం మీద పలకలు పరిచి సీట్లు బిగిస్తే నేల మనిషి నడుం దగ్గరికి వస్తుంది. నగర బస్సులకు కేంద్రం రాసిన ప్రమాణాల్లో మూడు ఎత్తులున్నాయి: 400 మిల్లీమీటర్లు, 650, 900. నేల 400లో ఉన్న బస్సు ఫుట్‌పాత్ పక్కన ఆగితే, ఒక పలక వాల్చి కుర్చీ దొర్లించుకుంటూ లోపలికి పోవచ్చు. 900 అంటే మెట్లు. మా పల్లెల వైపు వచ్చేవన్నీ మెట్ల బస్సులే. లోపల కిటికీ మీద 'వికలాంగులకు' అని రంగుతో రాసిన సీటు ఉంటుంది, ఎవరైనా కూర్చుంటే లేచి ఇస్తారు కూడా. ఆ సీటు దాకా చేరడం ఎలాగన్నదే మిగిలిపోతుంది.

నలభై అయిదు దాటాక కాలిపర్లు వదిలేయాల్సి వచ్చింది. చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్ళకి నడివయసులో మళ్ళీ కండరాలు నీరసించడం మామూలేనట, నాకు భుజాలు పోయాయి. చక్రాల కుర్చీ వచ్చింది. ఊళ్ళో అయ్యో అన్నారు కానీ, అది నాకు ఎంత హాయో చెప్పలేను. వంటింట్లోంచి వాకిట్లోకి గ్లాసుడు మజ్జిగ ఒలక్కుండా పట్టుకెళ్ళడం, నా యాభయ్యో ఏట, మొదటిసారి. మడిచే కుర్చీ కథ తర్వాత చదివాను. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే అమెరికన్ 1918లో గని ప్రమాదంలో నడుం విరిగి కదలలేకుండా అయ్యాడు. అప్పటి కుర్చీలు బరువైనవి, మడవడానికి రానివి. ఆయనా, ఇంజనీరు స్నేహితుడు హ్యారీ జెన్నింగ్సూ కలిసి 1933లో గుణకారం గుర్తులా అడ్డకమ్మీలున్న మడత కుర్చీ చేశారు. కారులో వెంట పెట్టుకుని వెళ్ళడానికని చేసుకున్నారు. ఈనాటికీ ఆసుపత్రుల్లో, విమానాశ్రయాల్లో కనబడే కుర్చీ అదే అమరిక. కుర్చీలో ఉన్న మనిషి ప్రయాణం చేయాలనుకోవడం వల్లే అది పుట్టింది. ఆ సంగతి తెలిశాక మా కండక్టరు "మడిచి డిక్కీలో పెడతాం మేడమ్" అన్నప్పుడల్లా నాకు ఎవరెస్ట్ గుర్తొస్తాడు. కుర్చీ మడుస్తారు సరే. నన్నెలా మడుస్తారు?

మా తమ్ముడు డెన్వర్‌లో ఉంటాడు. "అక్కా, ఒక్కసారి రా" అని పదేళ్ళుగా అంటున్నాడు. రిటైరయ్యే లోపు ఒకసారి వెళ్దామని నిశ్చయించుకున్నాక, ప్రయాణానికి నెల ముందు నుంచే కాగితాలు కుట్టుకుని కూర్చున్నాను. నాది ఇప్పుడు బ్యాటరీ కుర్చీ. లిథియం బ్యాటరీ కుర్చీ నుంచి ఊడొచ్చేదైతే దాన్ని సరుకు గదిలో పంపకూడదు, చేతిసంచీలో పైకి తెచ్చుకోవాలి. ఒక్కోటి 300 వాట్ అవర్లు దాటకూడదు. ఓల్టుల్ని యాంపియర్ అవర్లతో గుణిస్తే ఆ లెక్క వస్తుంది. నాది 24 ఓల్టులు, 10 యాంపియర్ అవర్లు. 240. ఈ గుణకారాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నాను. మూడు దేశాల్లో అయిదు చోట్ల ఆ కాగితం చూపించాను. ప్రతిచోటా బ్యాటరీ చేత్తో పట్టుకున్నవాళ్ళ కళ్ళలో మొదట భయం. సరిపడా చదువుకుని వచ్చాను కనుక అక్కడ నవ్వలేదు, చూపుడువేలు పెట్టి అంకె చూపించాను. తరగతి గదిలోని గొంతు రోడ్డు మీద మొదటిసారి బయటికొచ్చింది అప్పుడే.

టికెట్టు తీసేటప్పుడు విమానాల వాళ్ళు రాసుకునే గుర్తులు మూడున్నాయి. డబ్ల్యూ సి హెచ్ తర్వాత ఆర్ ఉంటే, మెట్లెక్కగలరు, దూరమే నడవలేరు. ఎస్ ఉంటే మెట్లెక్కలేరు, లోపల నాలుగడుగులు వేయగలరు. సి ఉంటే సీటు దాకా కుర్చీలోనే తీసుకుపోవాలి. నేను సి. శంషాబాద్‌లో అర్ధరాత్రి అమెరికా వైపు విమానాల దగ్గర చక్రాల కుర్చీల వరస చూస్తే ఇంతమంది నాలాంటి వాళ్ళున్నారా అనిపించింది. నా పక్కన ఒక పెద్దావిడ, మనవడి బారసాలకు వెళుతోంది, ఒళ్ళో గోంగూర పచ్చడి సీసా తువ్వాల్లో చుట్టుకుని. కాసేపటికి లేచి, చకచకా నడిచి బాత్‌రూముకి వెళ్ళొచ్చి మళ్ళీ కూర్చుంది. "నాకు కాళ్ళు బాగానే ఉన్నాయమ్మా, ఇంగ్లీషే రాదు. దారి తప్పకుండా ఉంటుందని మా వాడు కుర్చీ పెట్టించాడు" అంది. ఇలాంటి వాళ్ళ వల్ల అసలు అవసరమున్నవాళ్ళకి కుర్చీలు చాలట్లేదని చాలామంది విసుక్కుంటారు. నాకు విసుగు రాలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, మూడు విమానాలు, తెలియని భాష. ఆవిడకు కావలసింది తోడు. టికెట్టులో తోడు అడిగే గడి లేదు, కుర్చీ అడిగే గడి ఉంది. ఆవిడ ముఖం మీద కూడా నా నవ్వే ఉంది, కుర్చీ తోసే కుర్రాడి కేసి చూసినప్పుడల్లా.

విమానం తలుపు దగ్గర నా కుర్చీ వదిలేయాలి. లోపల సీట్ల మధ్య దారి ఇరవై అంగుళాలకు అటూ ఇటూ, నా కుర్చీ వెడల్పు ఇరవై అయిదు. అందుకని ఐల్ చెయిర్ అనే సన్నటి కుర్చీలోకి మార్చి, ఛాతీకి, మోకాళ్ళకి పట్టీలు కట్టి తోసుకుపోతారు. చేతులు గుండెల మీద ముడుచుకుని, రెండు వైపులా కూర్చున్నవాళ్ళ మోచేతుల మధ్యనుంచి వెళ్ళాను. ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు ఎత్తడానికి. అందులో ఒకమ్మాయి, "ఎక్కడ పట్టుకుంటే మీకు నొప్పి లేకుండా ఉంటుంది మేడమ్?" అని అడిగింది. నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి. నేను చెప్పాను: "చంకల కింద కాదమ్మా. మోచేతులు పట్టుకో. లెక్కపెట్టి మూడు అన్నాక లేపు." చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కనుక. ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేశాను. రెండు నడవలున్న పెద్ద విమానంలో ఒక మరుగుదొడ్డి కాస్త వెడల్పుగా ఉంటుంది, చిన్న విమానంలో అదీ ఉండదు. కుర్చీలో తిరిగేవాళ్ళు విమానమెక్కే ముందు గొంతెండబెట్టుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. డైపరు కట్టుకుని, పెదాలు తడుపుకుంటూ పదహారు గంటలు కూర్చున్నాను. దిగాక తల తిరిగింది.

అప్పుడు జీజా ఘోష్ గుర్తొచ్చారు. కలకత్తాకి చెందిన ఆవిడకి పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. 2012 ఫిబ్రవరి 19న గోవాలో సదస్సుకు వెళ్ళడానికి విమానమెక్కి సీట్లో కూర్చున్నాక, ప్రయాణానికి పనికిరారని దించేశారు. ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2016 మే 12న తీర్పు వచ్చింది, 10 లక్షల పరిహారం ఇమ్మని. ఆ నాలుగేళ్ళు ఆవిడ కోపాన్ని చల్లారనివ్వకుండా కాపాడుకున్నారు. నేనైతే ఆ రోజు ఏం చేసేదాన్ని? నాకు తెలుసు. నవ్వి, "పరవాలేదండీ, తర్వాత విమానంలో వెళ్తాను" అనేదాన్ని. ఈ జవాబు నాకు ఇష్టం లేదు, కానీ నిజం అదే.

చివరి విమానం దిగేసరికి నా కుర్చీ విరిగి వచ్చింది. చేతితో నడిపే మీట మొదలంటా వంగిపోయి, ఒక పాదం పలక ఊడి వేలాడుతోంది. కౌంటరులో ఇచ్చిన ఫారం పెట్టెలకు ఇచ్చే ఫారమే. రంగు ఏది, గట్టిదా మెత్తదా, చక్రాలున్నాయా. చక్రాలున్నాయి అన్న చోట టిక్కు పెట్టమన్నాడు ఆ అబ్బాయి. పెట్టాను. తొంభై వేలు పోసి కొనుక్కున్నదని కాదు నా బాధ. రాత్రి మంచం దగ్గర నుంచి మంచినీళ్ళ కుండ దాకా నన్ను చేర్చేది అది. దేశాల మధ్య ప్రయాణాల్లో విమానాల వాళ్ళ బాధ్యతను నిర్ణయించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం కుర్చీ కూడా సామానే, సామానుకు ఇచ్చే పరిహారానికి ఉన్న హద్దే దానికీ. అమెరికా లోపలి విమానాల్లో చట్టం కొంత మేలు, అక్కడ కుర్చీ అసలు ధర దాకా ఇవ్వాలి. ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న సెనేటర్ టామీ డక్‌వర్త్ పట్టుబట్టి తెచ్చిన నిబంధన వల్ల, ఎన్ని కుర్చీలు పాడుచేశారో, పోగొట్టారో అక్కడి పెద్ద విమాన కంపెనీలు 2018 చివర నుంచి లెక్క చెప్పాల్సి వస్తోంది. ఒక్క 2023లోనే 11 వేలు దాటాయి. ఆ అంకె చూశాక కనీసం నేనొక్కదాన్నే కాదని తెలిసింది. లెక్కపెడితే తప్ప అది ఒకరి దురదృష్టంగానే ఉండిపోతుంది.

తొమ్మిది రోజులు అద్దె కుర్చీలో తమ్ముడి ఇంట్లో ఉన్నాను. నా కుర్చీ బాగై వచ్చాక పదో రోజు ఉదయం, "సిటీలోకి బస్సులో వెళ్ళొస్తాను" అన్నాను. వాడు కారు తాళాలు తీసుకున్నాడు. "నేను దింపుతా కదక్కా." వద్దన్నాను. "మరి నేనూ వస్తా." వద్దన్నాను. మరదలు వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

కోల్‌ఫాక్స్ అవెన్యూ మీద తిరిగే 15వ నంబరు బస్సు అది. దూరం నుంచి కనబడగానే అలవాటు కొద్దీ నా ముఖం సిద్ధమైంది. బస్సు ఆగింది. ఉస్సుమని గాలి వదిలి, నా వైపు కొద్దిగా ఒరిగింది. తలుపులోంచి ఒక పలక మడత విప్పుకుని వచ్చి ఫుట్‌పాత్ మీద ఆనింది. ఎక్కాను. ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు లేచి, సీటు పైకి మడిచి, వెనక్కి వెళ్ళి మళ్ళీ వాళ్ళ ఫోన్లు చూసుకున్నారు. డ్రైవరు, నా వయసావిడ, వచ్చి నాలుగు వైపులా కొక్కేలు తగిలించి పట్టీలు బిగించి, ఎక్కడ దిగుతారని మాత్రం అడిగింది. "కాళ్ళకేమయింది" అని ఎవరూ అడగలేదు. ఎవరూ చూడను కూడా లేదు. ఎదుటి అద్దంలో నా ముఖం కనిపించింది. నవ్వడం లేదు. ఏడుపూ లేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్న యాభై అయిదేళ్ళ ఆడమనిషి ముఖం, అంతే. దాన్ని నేను అంతకు ముందు ప్రయాణంలో ఎప్పుడూ చూడలేదు.

బ్రాడ్‌వే కూడలిలో దిగాను. అక్కడొక ఫలకం ఉంది, దాని మీద పంతొమ్మిది మంది పేర్లు. ఆ ఊరి బస్సుల సంస్థ కుర్చీలు ఎక్కించుకునే లిఫ్టులు లేకుండానే కొత్త బస్సులు తెప్పిస్తోందని తెలిసి, 1978 జులై 5న ఈ పంతొమ్మిది మంది కుర్చీలతో వచ్చి రెండు బస్సులను చుట్టుముట్టారు. కొందరు కుర్చీల్లోంచి దిగి రోడ్డు మీద పడుకున్నారు. రాత్రంతా అక్కడే. వాళ్ళలో చాలామంది వేడ్ బ్లాంక్ అనే పాస్టరు సాయంతో నర్సింగ్ హోముల నుంచి బయటపడి సొంతంగా బతకడం మొదలుపెట్టినవాళ్ళు. ఆ రాత్రి గడిచిన పన్నెండేళ్ళకు దేశమంతటికీ చట్టం వచ్చింది. కొత్తగా కొనే సిటీ బస్సు ఏదైనా కుర్చీ ఎక్కేలా ఉండి తీరాలని.

ఫలకం ముందు చాలాసేపు ఉండిపోయాను. 1978 జులైలో నాకు ఎనిమిదేళ్ళు, నాన్న చంకలో బస్సెక్కుతున్నాను. నన్ను పట్టి ఆపింది తారీఖు కాదు. ఆ పంతొమ్మిది మందినీ పొద్దున లేవగానే ఎవరో మంచం మీంచి ఎత్తాలి. కొందరికి ఎవరో తినిపించాలి. చేతుల అవసరం నాకంటే వాళ్ళకే ఎక్కువ. అయినా కోపగించుకున్నారు. కోపమూ చేతుల అవసరమూ ఒకే ఒంట్లో ఉండవచ్చని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మనకూ చట్టముంది. 1995లో ఒకటి, దాని స్థానంలో 2016లో ఇంకొకటి. ఆ రెండోదాని 41వ సెక్షను బస్టాండుల గురించీ, రైల్వే స్టేషన్ల గురించీ, విమానాశ్రయాల గురించీ స్పష్టంగానే రాసింది. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ సదుపాయాలు వీలైతే చేయండి అనే సలహాగా ఉంటే సరిపోదు, చేసి తీరాల్సిన నియమాలుగా ఉండాలని చెప్పింది. ఆ కేసు కోసం కోర్టుకు పరిస్థితులు పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రమే. ఇవన్నీ తిరిగొచ్చాక కూర్చుని చదివాను. చదివి, మా డిపోకూ, రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకూ కాగితం రాయడం మొదలుపెట్టాను. పైన అలవాటుగా 'వినతిపత్రం' అని రాశాను. ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకు ఆ లేఖ నేర్పినదాన్నే. ఆగి ఆ మాట చూశాను. వినతి అంటే వంగడం. దాని కింద నా పాత నవ్వు కనిపించింది. కొట్టేశాను. ఏ పేరు పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు, విషయం మాత్రం రాశాను.

అంకె లేకుండా పంపకూడదనిపించింది. బ్యాటరీ నేర్పిన పాఠం. కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసుకుని మొన్న సోమవారం బస్టాండుకి వెళ్ళాను. పొన్నూరు వెళ్ళే పల్లెవెలుగు బస్సు ఆగి ఉంది. తలుపు దగ్గరికి కుర్చీ నడుపుకెళ్ళి, వంగి టేపు కొస నేల మీద పెట్టి, రెండో కొస మెట్టు అంచుకి ఆనించబోతే చెయ్యి అందలేదు.

"ఎక్కుతారా టీచరుగారూ? ఉండండి, ఇంకో మనిషిని పిలుస్తా," అన్నాడు కండక్టరు. మా బళ్ళో చదివిన పిల్లాడే.

"ఎక్కను నాయనా. మెట్టు కొలుస్తున్నాను," అన్నాను. నవ్వలేదు.

వాడు నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు. తర్వాత టికెట్ల మిషను మెడలోంచి వెనక్కి నెట్టుకుని, గొంతుక్కూర్చుని, టేపు పై కొస అందుకుని మెట్టు అంచుకి నొక్కిపట్టాడు.

"పదిహేడున్నర," అన్నాడు.

పుస్తకంలో రాసుకున్నాను. వెనక డ్రైవరు హారన్ కొట్టాడు. వాడు టేపు వదల్లేదు.

"రెండోది కూడా చూద్దాం ఉండండి," అన్నాడు.